వ్యాయామం ముగిసిన అరగంటలోపే ప్రోటీన్ తీసుకోవాలన్న నియమానికి ఆధారం ఎంత?

ప్రశ్న

అందరికీ నమస్కారం. నేను వారానికి నాలుగు రోజులు తెల్లవారుజామున బరువుల వ్యాయామం చేస్తాను. నా వయసు ముప్ఫై దాటింది, బరువు 70 కిలోలు. ముందురోజు రాత్రి ఎనిమిదిన్నరకు భోజనం ముగించాక మళ్లీ ఏదైనా తినేది ఉదయం తొమ్మిదింటికే. ఐదున్నరకు మొదలుపెట్టి ఆరున్నరకు వ్యాయామం పూర్తిచేస్తాను కాని, ఆ తరువాత ఇంటికి చేరి, స్నానం చేసి, మిగిలిన పనులన్నీ తెముల్చుకునేసరికి ఆ వేళ అవుతుంది. మధ్యలో మంచినీళ్లు తప్ప ఏమీ తీసుకోను.

చివరి సెట్ పూర్తయిన అరగంటలోపు ప్రోటీన్ తాగకపోతే చేసిన కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరే అవుతుందని మా శిక్షకుడు ప్రతిసారీ హెచ్చరిస్తాడు. నాతో పాటు వ్యాయామం చేసే మరొకాయన మాత్రం, రోజు మొత్తంమీద ఎంత తిన్నామన్నదే ముఖ్యమనీ, వేళల సంగతంతా పొడుల డబ్బాలు అమ్ముకునేవారు పుట్టించిన భయమనీ కొట్టిపారేస్తాడు. విచిత్రమేమిటంటే ఇద్దరూ పరిశోధనల పేరే చెబుతారు. కండ పెరగడానికీ, మరుసటి వ్యాయామం నాటికి ఒళ్లు కోలుకోవడానికీ తినే వేళ ఎంతవరకు పనిచేస్తుంది? వ్యాయామానికి ముందు తినడం మేలా, తరువాత మేలా? ప్రోటీన్‌తో పాటు పిండిపదార్థాలు కూడా వెంటనే తీసుకోవాలంటారు, అది నిజమేనా? తెలిసినవారు కారణాలతో సహా వివరించగలరు.

మొదటి సమాధానం

మీరు రాసిన వేళలను ఒకసారి లెక్కవేసి చూడండి. రాత్రి ఎనిమిదిన్నర నుంచి ఉదయం తొమ్మిది వరకు పన్నెండున్నర గంటలపాటు మీరు ప్రోటీన్ ఏదీ తినడం లేదు. మీ విషయంలో ఆలోచించవలసింది దీని గురించే కాని, వ్యాయామం తరువాతి అరగంట గురించి కాదు. ఎందుకో కొంచెం వివరంగా చెబుతాను.

బరువులెత్తిన తరువాత కండరాల్లో కొత్త ప్రోటీన్ తయారయ్యే వేగం పెరుగుతుంది. దానితోపాటే పాత ప్రోటీన్ విచ్ఛిన్నమయ్యే వేగం కూడా పెరుగుతుంది. కడుపు ఖాళీగా ఉన్నప్పుడు వ్యాయామం ఈ రెండింటి మధ్య తేడాను తగ్గిస్తుందే తప్ప, లెక్కను లాభంలోకి తేలేదు. లాభంలోకి రావాలంటే ఆహారం నుంచి వచ్చిన అమైనో ఆమ్లాలు, అంటే ప్రోటీన్ జీర్ణమైనప్పుడు విడివడే భాగాలు, రక్తంలో ఉండి తీరాలి. అవి ఎంతసేపట్లోగా రావాలన్నదే మీ శిక్షకుడికీ మీ మిత్రుడికీ నడుస్తున్న వివాదం.

స్టువర్ట్ ఫిలిప్స్ బృందం 1997లో ప్రచురించిన కొలతల ప్రకారం, ఒక్కసారి బరువుల వ్యాయామం చేశాక కండరాల్లో ప్రోటీన్ తయారీ వేగం విశ్రాంతి స్థాయికంటే 3 గంటలకు 112 శాతం, 24 గంటలకు 65 శాతం, 48 గంటలకు 34 శాతం ఎక్కువగా ఉంది. అంటే ఆహారాన్ని అందుకోవడానికి కండరం ఒకటి రెండు రోజులపాటు సిద్ధంగానే ఉంటుంది. అరగంట దాటగానే తలుపు మూసుకుపోతుందన్న మాటకు ఈ కొలతల్లో చోటు లేదు.

మరి ఆ గడువు అంత గట్టిగా ఎలా పాతుకుపోయింది? దానికి ఊతమిచ్చిన వాటిలో 2001లో వచ్చిన ఒక డెన్మార్క్ అధ్యయనం ముఖ్యమైనది. సగటున 74 ఏళ్ల వయసున్న 13 మంది పురుషుల చేత 12 వారాలు వ్యాయామం చేయించి, కొందరికి వ్యాయామం ముగియగానే, మరికొందరికి 2 గంటల తరువాత 10 గ్రాముల ప్రోటీన్ ఉన్న పానీయం ఇచ్చారు. వెంటనే తాగినవారి కండరాలు పెరిగాయి, ఆలస్యంగా తాగినవారిలో ఆ పెరుగుదల కనిపించలేదు. పైకి చూస్తే ఇది తిరుగులేని రుజువులాగే ఉంటుంది. కాని ఏ పానీయమూ తాగకుండా కేవలం వ్యాయామం చేసిన వృద్ధుల్లో కూడా ఎంతో కొంత కండ పెరిగినట్లు చూపిన అధ్యయనాలు అనేకం ఉండగా, రెండు గంటల ఆలస్యం ఆ ఫలితాన్ని పూర్తిగా తుడిచిపెట్టేసిందంటే నమ్మడం కష్టం. పైగా ఉన్నది 13 మందే, ఇచ్చింది 10 గ్రాములే.

తరువాత కాలంలో రెండు వైపులా ఫలితాలు వచ్చాయి. వాటిని ఒకచోట చేర్చి బ్రాడ్ షోన్‌ఫెల్డ్, అలన్ ఆరగాన్, జేమ్స్ క్రీగర్ 2013లో విశ్లేషించారు. కండ పెరుగుదలకు సంబంధించి 23 అధ్యయనాలను కలిపి చూసినప్పుడు, వ్యాయామానికి దగ్గరగా ప్రోటీన్ తీసుకున్నవారికి మొదట కొంత ప్రయోజనం కనిపించింది. ఆ అధ్యయనాల్లో చాలావాటిలో పోల్చిచూడటానికి పెట్టుకున్న రెండో గుంపుకు అసలు అదనపు ప్రోటీనే ఇవ్వలేదు. రోజు మొత్తంమీద తీసుకున్న పరిమాణాన్ని లెక్కలోకి తీసుకోగానే వేళకు ఆపాదించిన ప్రయోజనం మాయమైపోయింది. అదే షోన్‌ఫెల్డ్ బృందం 2017లో, వ్యాయామంలో అనుభవం ఉన్న పురుషులకు 10 వారాలపాటు 25 గ్రాముల ప్రోటీన్‌ను కొందరికి వ్యాయామానికి ముందు, కొందరికి తరువాత ఇచ్చి చూస్తే, కండలోగాని బలంలోగాని చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ముందా, తరువాతా అన్న మీ సందేహానికి ఇదే సమాధానం: మీకు ఏది వీలైతే అది.

అయితే ఇంతటితో మీ మిత్రుడు గెలిచాడనుకోకండి. ఈ అధ్యయనాల్లో పాల్గొన్నవారిలో ఎక్కువమంది వ్యాయామానికి ముందు ఏదో ఒక వేళ తిన్నవారే. అన్ని రకాల పోషకాలూ కలిసిన భోజనం పూర్తిగా జీర్ణమై రక్తంలోకి చేరడానికి ఐదారు గంటలు పడుతుంది కనుక, మధ్యాహ్నం తిని సాయంత్రం వ్యాయామం చేసేవారికి చివరి సెట్ ముగిసే వేళకు అమైనో ఆమ్లాలు ఇంకా అందుతూనే ఉంటాయి. అటువంటివారు ఇంటికెళ్లి తీరిగ్గా భోజనం చేసినా నష్టం లేదు. ఆరగాన్, షోన్‌ఫెల్డ్ తమ సమీక్షలో ఇచ్చిన సూచన కూడా దీనిమీదే ఆధారపడింది: వ్యాయామానికి ముందు తిన్న ఆహారానికీ తరువాత తిన్న ఆహారానికీ మధ్య మూడు నాలుగు గంటలకు మించి వ్యవధి ఉండకుండా చూసుకోవాలి, ముందు తిన్నది పెద్ద భోజనమైతే ఐదారు గంటల వరకు పొడిగించుకోవచ్చు. మీ వ్యవధి ఆ పెద్ద పరిమితికి కూడా రెట్టింపు. కాబట్టి మీ శిక్షకుడు చెప్పిన కారణం తప్పైనా, మీకిచ్చిన సలహా మాత్రం మీకు పనికొచ్చేదే.

ఇక పరిమాణం సంగతి. 2018లో 49 అధ్యయనాలను కలిపి చేసిన విశ్లేషణలో, శరీర బరువులో కిలోకు రోజుకు సుమారు 1.6 గ్రాములు దాటాక అదనపు ప్రోటీన్ వల్ల కండ పెరుగుదలలో సగటున ప్రయోజనం కనిపించలేదు. అందరికీ సరిపోయేలా జాగ్రత్తపడాలనుకుంటే 2.2 గ్రాముల వరకు వెళ్లవచ్చు. మీ 70 కిలోలకు ఇది 112 నుంచి 154 గ్రాములు. పూటకు కిలోకు 0.4 గ్రాముల చొప్పున, అంటే 28 గ్రాముల చొప్పున నాలుగు పూటలు తీసుకుంటే వాటిలో తక్కువ అంకె, అంటే 112 గ్రాములు, సరిపోతుంది. మీరిప్పుడు రోజుకెంత తీసుకుంటున్నారో రాయలేదు. అది 70, 80 గ్రాముల దగ్గరే ఉంటే ముందుగా దాన్ని సరిచేసుకోండి, వేళల గురించి ఆ తరువాత ఆలోచించవచ్చు.

రెండో సమాధానం

పై సమాధానంలో పిండిపదార్థాల ప్రస్తావన రాలేదు కనుక ఆ ఒక్క విషయం నేను చెబుతాను.

వెంటనే పిండిపదార్థాలు తీసుకోవాలన్న సలహాకు మూలం సైకిల్ తొక్కేవారిపై జాన్ ఐవీ బృందం 1988లో చేసిన పని. పిండిపదార్థాల నుంచి తయారై కండరాల్లో ఇంధనంగా నిల్వ ఉండే గ్లైకోజెన్‌ను బాగా ఖర్చుచేయించి, ఆ తరువాత కిలోకు 2 గ్రాముల చొప్పున పిండిపదార్థాలను కొందరికి వెంటనే, కొందరికి 2 గంటల తరువాత ఇచ్చారు. ఆలస్యమైనవారిలో నిల్వ తిరిగి నిండే వేగం దాదాపు సగానికి పడిపోయింది. చాలామంది అక్కడితో చదవడం ఆపేస్తారు. 1997లో వచ్చిన మరో అధ్యయనంలో 2 గంటలు ఆలస్యంగా తినడం మొదలుపెట్టినవారిని 8 గంటలకూ, 24 గంటలకూ పరీక్షిస్తే, వెంటనే తిన్నవారితో సమానంగానే నిల్వలు నిండి ఉన్నాయి. అందువల్ల ఈ తొందర అవసరమైనది ఒకే రోజు రెండుసార్లు కఠినమైన సాధన చేసే క్రీడాకారులకు. రెండు సాధనల మధ్య నాలుగు గంటలు కూడా లేనప్పుడు గంటకు కిలోకు 1.2 గ్రాముల చొప్పున తీసుకోమని క్రీడా పోషణ నిపుణులు చెప్పేది వారికే. బరువుల వ్యాయామంలో పనిచేసిన కండరం తన గ్లైకోజెన్‌లో సాధారణంగా 24 నుంచి 40 శాతం వరకు ఖర్చుచేస్తుంది. మళ్లీ అదే కండరానికి పని చెప్పేది ఒకటి రెండు రోజుల తరువాతే అయినప్పుడు, మామూలు భోజనాలతోనే ఆ లోటు తీరిపోతుంది.

ఇన్సులిన్ పెరిగితే కండ పెరుగుతుందన్నది దీనికి తోడుగా వినిపించే మరో వాదన. ఇన్సులిన్ ముఖ్యంగా చేసేది కండరాల విచ్ఛిన్నాన్ని తగ్గించడం, అందుకు కావలసిన కొద్దిపాటి పెరుగుదల తగినంత ప్రోటీన్ తిన్నప్పుడే వచ్చేస్తుంది. పాల విరుగుడు నీటి నుంచి తీసిన 25 గ్రాముల వే ప్రోటీన్‌కు మరో 50 గ్రాముల పిండిపదార్థం కలిపి ఇచ్చిన 2011 అధ్యయనంలో, ప్రోటీన్ ఒక్కటే తీసుకున్నప్పటికంటే కండరాల్లో తయారీ పెరగలేదు, విచ్ఛిన్నమూ తగ్గలేదు. మీకు ఆకలిగా ఉంటే తినండి, ఒంటికి శక్తి కావాలి కాబట్టి తినండి. గడియారం చూసుకుంటూ చక్కెర నీళ్లు తాగవలసిన పని మాత్రం లేదు.

ప్రశ్న అడిగినవారు

ఇంత వివరంగా రాసినందుకు ఇద్దరికీ కృతజ్ఞతలు. లెక్క వేసి చూస్తే నేను రోజుకు తీసుకుంటున్నది సుమారు 90 గ్రాములని తేలింది, దాన్ని పెంచుకుంటాను. అయితే ఒక ఇబ్బంది ఉంది. తెల్లవారుజామున ఘనాహారం ఏది తిన్నా, కాళ్ల వ్యాయామం చేసేటప్పుడు కడుపులో తిప్పుతుంది. దానికి బదులు రాత్రి పడుకోబోయే ముందు ఎక్కువ ప్రోటీన్ తీసుకుంటే, అది తెల్లవారే వరకు సరిపోతుందా? మరో చిన్న సందేహం: అరవై ఏడేళ్ల మా నాన్నగారు కూడా ఈ మధ్యే నాతో పాటు తేలికపాటి బరువులతో వ్యాయామం మొదలుపెట్టారు. ఆయనకు కూడా ఇవే లెక్కలు వర్తిస్తాయా?

మూడో సమాధానం

రాత్రి విషయంలో మీ ఆలోచన సరైనదే. 2012లో చేసిన ఒక ప్రయోగంలో సాయంత్రం వ్యాయామం చేసిన యువకులకు నిద్రకు ముందు పాలలోని ప్రధాన ప్రోటీన్ అయిన కేసీన్‌ను 40 గ్రాములు ఇస్తే, అది నిద్రలో చక్కగా జీర్ణమై, రాత్రంతా కండరాల్లో ప్రోటీన్ తయారీని సుమారు 22 శాతం పెంచింది. 2015లో 12 వారాలపాటు 44 మంది యువకులపై జరిగిన మరో అధ్యయనంలో, పడుకునే ముందు 27.5 గ్రాముల ప్రోటీన్ ఉన్న పానీయం తాగినవారికి కండ, బలం రెండూ ఎక్కువ పెరిగాయి. ఈ రెండోదాన్ని చూపించి రాత్రి ప్రోటీన్‌కు ఏదో ప్రత్యేక మహిమ ఉందని ప్రచారం చేస్తుంటారు, కాని ఆ పానీయం తాగినవారు రోజుకు కిలోకు 1.9 గ్రాములు తీసుకుంటే, తాగనివారు 1.3 గ్రాములే తీసుకున్నారు. పరిమాణం చేసిన పనిని వేళ ఖాతాలో వేయడం ఇక్కడా జరిగింది. మీకు మాత్రం ఆ వేళ రెండు విధాలా కలిసివస్తుంది: తగ్గిన 20, 30 గ్రాములూ చేరతాయి, ఖాళీ కడుపుతో గడిచే సమయమూ తగ్గుతుంది. పాలలోని ప్రోటీన్‌లో దాదాపు 80 శాతం నిదానంగా జీర్ణమయ్యే కేసీనే కాబట్టి, అందుకోసం ప్రత్యేకంగా పొడి కొనవలసిన అవసరం లేదు.

మొదటి సమాధానం రాసినవారితో నాకు ఒకచోట భేదాభిప్రాయం ఉంది. పూటకు 28 గ్రాముల చొప్పున నాలుగు పూటలన్నది మంచి అలవాటే. 80 గ్రాముల వే ప్రోటీన్‌ను 12 గంటల్లో మూడు రకాలుగా పంచి ఇచ్చిన 2013 ప్రయోగంలో, 10 గ్రాముల చొప్పున ఎనిమిదిసార్లు, 40 గ్రాముల చొప్పున రెండుసార్లు ఇచ్చినప్పటికంటే 20 గ్రాముల చొప్పున మూడు గంటలకొకసారి ఇచ్చినప్పుడే కండరాల్లో తయారీ ఎక్కువగా ఉందన్నదీ నిజమే. అయితే ఒకే పూటలో ఎక్కువ తింటే అది వృథా అవుతుందన్న భావన దీనినుంచి పుట్టింది, అది సరికాదు. 2023లో నెదర్లాండ్స్ పరిశోధకులు వ్యాయామం తరువాత ఒకేసారి 100 గ్రాముల పాల ప్రోటీన్ ఇచ్చి చూస్తే, 25 గ్రాములు ఇచ్చినప్పటికంటే కండరాల్లో తయారీ ఎక్కువగా జరగడమే కాక, అది 12 గంటలకు పైగా కొనసాగింది. వే ప్రోటీన్ నీళ్లలా జారిపోయి త్వరగా రక్తంలో కలుస్తుంది, పాల ప్రోటీన్ నిలిచి నిలిచి అందుతుంది. రెండు ప్రయోగాల ఫలితాల్లో కనిపించే తేడాకు ఇదొక కారణమని నేననుకుంటాను. అందుచేత ఏదైనా ఒకరోజు పూటల లెక్క తప్పి రాత్రి భోజనంలోనే 60 గ్రాములు తినవలసి వచ్చినా మనసు పాడుచేసుకోకండి.

ఉదయం కడుపులో తిప్పడానికి సాధారణంగా కారణం ఆహారంలోని కొవ్వు, పీచు. ఇవి జీర్ణాశయం ఖాళీ అయ్యే వేగాన్ని తగ్గిస్తాయి. నీళ్లలో కలిపిన 20 గ్రాముల వే ప్రోటీన్‌తో చాలామందికి ఆ బాధ ఉండదు. సగం బయలుదేరేముందు, మిగిలిన సగం సెట్ల మధ్య గుక్కలుగా తాగి చూడండి. అదీ పడకపోతే బలవంతం చేసుకోకుండా ఆరున్నరకు వ్యాయామం ముగియగానే తీసుకోండి. తొమ్మిదింటి వరకు ఆగకపోవడమే మీకు ముఖ్యం.

నాలుగో సమాధానం

మీ నాన్నగారి విషయంలో లెక్కలు మారతాయి. వయసు పైబడిన కొద్దీ అదే మోతాదు ప్రోటీన్‌కు కండరం స్పందించే తీరు మందగిస్తుంది. పూటకు యువకులకు కిలోకు సుమారు 0.24 గ్రాముల దగ్గరే స్పందన గరిష్ఠానికి చేరితే, వృద్ధులకు అది 0.40 గ్రాముల వరకు పట్టిందని 2015 నాటి ఒక విశ్లేషణ తేల్చింది. వ్యాయామం చేసిన వృద్ధులకు 20 గ్రాముల వే ప్రోటీన్‌కంటే 40 గ్రాములు మెరుగ్గా పనిచేసినట్లు 2012లో వచ్చిన అధ్యయనం చూపింది. పెద్దవారిలో చాలామందికి ఉదయం పూట ఆహారంలో ప్రోటీన్ నామమాత్రంగా ఉండి, రోజు మొత్తానిదీ ఒక్క భోజనంలోనే చేరుతుంది. అందువల్ల వ్యాయామం తరువాతి పూటను ఆయనకు కాస్త దండిగా, 30 నుంచి 40 గ్రాముల ప్రోటీన్ ఉండేలా అమర్చడం మంచిది. అరగంట గడువుకు పునాది వేసిన డెన్మార్క్ అధ్యయనంలోని వారి సగటు వయసు ఆయన వయసుకంటే ఎక్కువే అన్న సంగతి కూడా గుర్తుపెట్టుకోదగినది. ఆ ఫలితాన్ని నేను కూడా పూర్తిగా నమ్మను, కాని ఆ వయసులో తొందరగా తినడం వల్ల పోయేదేమీ లేదు కదా.

ఒక్క జాగ్రత్త మాత్రం తప్పనిసరి. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారికి ఈ మోతాదులు హాని చేయవచ్చు. చక్కెర వ్యాధి, రక్తపోటు చాలాకాలంగా ఉన్నవారిలో ఆ వ్యాధి పైకి తెలియకుండానే మొదలై ఉండవచ్చు కాబట్టి, పెంచే ముందు వైద్యుడిని సంప్రదించి, మూత్రపిండాల పనితీరు తెలిపే పరీక్షలు, అంటే రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షలు చేయించండి. బలం కోసం వ్యాయామం చేసేవారు తీసుకునే క్రియాటిన్ పొడి వాడుతుంటే ఆ మాట కూడా వైద్యుడికి చెప్పాలి, ఎందుకంటే అది రక్తంలో క్రియాటినిన్ అంకెను కొద్దిగా పెంచి, లేని జబ్బును ఉన్నట్లు చూపించగలదు.

ప్రశ్న అడిగినవారు

నాన్నగారికి వచ్చే వారమే పరీక్షలు చేయిస్తాను. క్రియాటిన్ పేరు వచ్చింది కాబట్టి అడుగుతున్నాను: దాన్ని వ్యాయామానికి ముందు తీసుకోవాలా, తరువాతా? వ్యాయామం లేని రోజుల్లో కూడా ప్రోటీన్ ఇంతే తీసుకోవాలా, లేక తగ్గించవచ్చా?

మొదటి సమాధానం రాసినవారు

క్రియాటిన్ పనిచేసేది కండరంలో దాని నిల్వ నిండినప్పుడు. రోజుకు 3 నుంచి 5 గ్రాముల చొప్పున తీసుకుంటే ఆ నిల్వ నిండడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది, ఆపాక తగ్గడానికి కూడా వారాలే పడుతుంది. అందుకే దానికి గంటల లెక్క అక్కర్లేదు, మరిచిపోకుండా ఏ వేళ తీసుకోగలరో ఆ వేళే మంచిది. నిజంగా వేళ చూసుకోవలసింది కాఫీకే. కెఫీన్ రక్తంలో గరిష్ఠ స్థాయికి చేరడానికి సుమారు గంట పడుతుంది, సగానికి తగ్గడానికి ఐదారు గంటలు పడుతుంది. ఉదయం వ్యాయామం చేసే మీకు దానితో చిక్కు లేదు కాని, సాయంత్రం చేసేవారు నిద్ర పాడుచేసుకునేది దీనివల్లే.

వ్యాయామం లేని రోజుల్లో ప్రోటీన్ తగ్గించకండి. 24 గంటలకు 65 శాతం, 48 గంటలకు 34 శాతం అని పైన రాసిన అంకెలు సరిగ్గా ఆ రోజులకు సంబంధించినవే. మీరు సోమవారం ఎత్తిన బరువులకు కండరం మంగళవారం కూడా పని చేసుకుంటూనే ఉంటుంది. మూడో సమాధానం రాసినవారు 100 గ్రాముల ప్రయోగం గురించి చెప్పింది సరైనదే. పూటకు 28 గ్రాములన్నది దాటకూడని గీత అన్న అర్థం నా మాటల్లో వచ్చి ఉంటే, అది నా ఉద్దేశం కాదు. సెలవు రోజున ఉదయం తొమ్మిదింటికే తినడం మీకు హాయిగా ఉంటే అలాగే తినండి. రాత్రి పాలు తాగి పడుకుని, మిగిలిన పూటలతో కలిపి రోజుకు 112 గ్రాములకు తగ్గకుండా చూసుకుంటే చాలు.